కాలేజీ కోసం ఏ ప్రశ్నకి ఏ సైట్ తెరవాలి: బెంగళూరు తెలుగు ఇళ్ళకి

మే నెల వచ్చిందంటే మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో నాకు వినబడేది ఒకటే మాట. "ఆంటీ, కాలేజీల గురించి ఏ సైట్ చూడాలి?" పోయినేడు మా అమ్మాయికి ఇంజనీరింగ్ సీటు వచ్చింది కాబట్టి నాకేదో తెలుసని వీళ్ళ నమ్మకం. నేను చేసిందల్లా ఏడాది పొడుగునా రాత్రి పదకొండింటికి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఒకే సందేహానికి ఆరు సైట్లలో ఆరు జవాబులు చూసి, మా ఆయన మీద విసుక్కోవడం. మేం నెల్లూరు నుంచి వచ్చి కేఆర్ పురంలో స్థిరపడి పదేళ్ళు దాటింది. ఇక్కడి తెలుగు ఇళ్ళలో ఉన్న చిక్కేమిటంటే, ఊళ్ళో బంధువులకి తెలిసింది ఆంధ్రా లెక్క, ఇక్కడ పక్కింటివాళ్ళకి తెలిసింది కర్ణాటక లెక్క, మన పిల్లలేమో ఆ రెండిటి మధ్యలో నిలబడి ఉంటారు.

ఇన్ని తిరిగాక నాకు అర్థమైంది ఇది. అన్నిటికీ ఒక్క మంచి సైట్ అంటూ లేదు. నాకు అర్హత ఉందా, నా ర్యాంకుకి ఏం వస్తుంది, ఆ కాలేజీ నిజంగా ఎలాంటిది, చదువుకోడానికి ఏది వాడాలి, డబ్బు ఎక్కడ దొరుకుతుంది... వీటిలో మీ ప్రశ్న ఏదో ముందు తేల్చుకుంటే చూడాల్సిన సైట్లు రెండుకి తగ్గిపోతాయి.

ముందు అర్హత. ఇందులో గవర్నమెంటు సైటే, వేరే మాట లేదు

చాలామంది ఇది చివర్లో చూస్తారు, కానీ అసలు మొదలుపెట్టాల్సింది ఇక్కడ. కర్ణాటకలో ఇంజనీరింగ్ సీట్లకి రాసే రాష్ట్ర ప్రవేశ పరీక్ష కేసీఈటీ, దాన్ని నడిపేది కేఈఏ, అంటే కర్ణాటక ఎగ్జామినేషన్స్ అథారిటీ. వాళ్ళ సైట్ చూడ్డానికి ఏమీ బాగోదు, ఎక్కడ నొక్కితే ఏం తెరుచుకుంటుందో తెలీదు, సగం నోటీసులు కన్నడలో ఉంటాయి. అయినా అర్హత విషయంలో ఆ సైట్‌లోని ఇన్ఫర్మేషన్ బులెటిన్ చెప్పిందే ఫైనల్. ప్రైవేటు సైట్లు దాన్నే కుదించి రాస్తాయి, కుదించినప్పుడు మనలాంటివాళ్ళకి కావాల్సిన ఒక్క వాక్యమే జారిపోతుంది.

ఆ వాక్యం ఇది. మామూలు కుటుంబాలు వాడుకునే క్లాజు ప్రకారం, పిల్లలు 1వ తరగతి నుంచి 12 దాకా కనీసం 7 ఏళ్ళు కర్ణాటకలో చదివి ఉండాలి, పైగా టెన్త్ గానీ పీయూసీ (మన ఇంటర్ లాంటిది) గానీ ఇక్కడే పాసై ఉండాలి. మా అమ్మాయి నాలుగో తరగతి నుంచి ఇక్కడే కాబట్టి గట్టెక్కాం. అదే మా కింది ఫ్లోర్‌లో ఉన్న ఒంగోలు వాళ్ళు బాబు ఎనిమిదో తరగతిలో ఉండగా వచ్చారు. ఎనిమిది నుంచి పన్నెండు దాకా లెక్కేస్తే అయిదేళ్ళే. ఈ సంగతి వాళ్ళకి సెకండ్ పీయూసీ డిసెంబరులో తెలిసింది, అప్పటికి ఆ అబ్బాయి ఏడాదిగా కేసీఈటీ కోచింగ్‌కి వెళ్తున్నాడు. రక్షణ ఉద్యోగాలు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలు చేసేవాళ్ళ పిల్లలకి వేరే క్లాజులున్నాయి, అవి ఆ బులెటిన్‌లోనే ఉంటాయి, మీకు వర్తిస్తాయేమో ఓపిగ్గా చదవండి. స్టడీ సర్టిఫికెట్ మాత్రం ముందే తీసుకోండి. మాకు దాని మీద బీఈఓ, అంటే బ్లాక్ విద్యాధికారి సంతకం కావాల్సి వచ్చింది, దానికోసం మా ఆయన రెండు రోజులు సెలవు పెట్టాడు.

కులం సర్టిఫికెట్ సంగతీ అంతే. ఆంధ్రాలో బీసీ అయినంత మాత్రాన కేసీఈటీలో ఆ రిజర్వేషన్ రాదు. కర్ణాటక జాబితాలో మీ కులం ఉండి, ఇక్కడి తహసీల్దారు ఇచ్చిన ఆర్‌డీ నంబరున్న సర్టిఫికెట్ ఉంటేనే లెక్క. లేకపోతే జనరల్ మెరిట్‌లోనే, వాళ్ళ పట్టికల్లో జీఎం అని కనిపించేది అదే. ఐఐటీ, ఎన్ఐటీల సీట్లకి చూసేది కేంద్ర ఓబీసీ జాబితా, అది మళ్ళీ వేరు. ఈ మూడింటినీ ఒకటనుకుని ఫారం నింపినవాళ్ళని చూశాను, వెరిఫికేషన్ దగ్గర ఏడుపే.

కామెడ్‌కే అంటే ఇక్కడి ప్రైవేటు కాలేజీలు కలిసి పెట్టుకునే ప్రవేశ పరీక్ష. దానికి ఈ గొడవేమీ లేదు, దేశంలో ఎక్కడ చదివినా రాయొచ్చు. అందుకే కర్ణాటకలో ఏడేళ్ళ చదువు లెక్క నిండని పిల్లలకి ఇక్కడి ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లోకి అదే పెద్ద ద్వారం. ఈ కాలేజీల్లో చాలావాటిలో సీట్లు సుమారుగా 45 శాతం కేసీఈటీకి, 30 కామెడ్‌కేకి, 25 మేనేజ్‌మెంట్‌కి పోతాయి. ఒకే క్లాసు, ఒకే బెంచీ, కామెడ్‌కే ఫీజు మాత్రం కేసీఈటీ సీటుకి రెండింతల పైనే ఉంటుంది. రెండూ రాయించండి, కానీ ఫీజు ముందే చూసుకోండి.

ఇక మా బావగారి మాట. మావాడు ఇప్పుడు టెన్త్. "వాణ్ణి విజయవాడలో వేసెయ్యండి, రెండేళ్ళు కళ్ళు మూసుకుంటే ఐఐటీ" అని ఆయన వారానికోసారి ఫోన్ చేస్తారు. చదువు బాగుంటుందా లేదా అన్నది పక్కనబెట్టండి, అర్హత లెక్క ఒకసారి చూడండి. ఎన్ఐటీల్లో సగం సీట్లు హోమ్ స్టేట్‌కి ఉంటాయి, మీ హోమ్ స్టేట్ ఏదన్నది 12వ తరగతి ఎక్కడ పాసయ్యారన్నదాన్నిబట్టే. బెంగళూరులో పీయూసీ చదివితే సూరత్కల్ ఎన్ఐటీ మనకి హోమ్, విజయవాడలో ఇంటర్ చదివితే సూరత్కల్ పోయి తాడేపల్లిగూడెం వస్తుంది. ఐఐటీల్లో ఈ కోటా లేదు కాబట్టి అక్కడ తేడా ఉండదు. పోనీ ఆంధ్రా ఈఏపీసెట్‌లోనైనా లోకల్ అవుతాడా అంటే అదీ కాదు, 85 శాతం సీట్లు లోకల్ వాళ్ళవి, లోకల్ అంటే ముఖ్యంగా ఆ పరీక్ష దాకా వరసగా నాలుగేళ్ళు అక్కడ చదివి ఉండాలి. ఇంటర్ రెండేళ్ళతో ఆ లెక్క తేలదు. ఇది మంచిదా చెడ్డదా అన్నది మీ ఇష్టం, కానీ ఈ లెక్క చూడకుండా టెన్త్ అవగానే హాస్టల్‌కి డబ్బు కట్టేసేవాళ్ళే ఎక్కువ.

ఒక చిన్న జాగ్రత్త. సర్కారు సైట్ల పేర్లతో అచ్చం అలాగే కనిపించే సైట్లు ఉంటాయి. కేఈఏ లాంటి అడ్మిషన్ల సైట్లకైతే అడ్రస్ చివర జీఓవీ డాట్ ఇన్ గానీ ఎన్ఐసీ డాట్ ఇన్ గానీ ఉందేమో చూడండి. కామెడ్‌కే సర్కారుది కాదు కాబట్టి దానిది డాట్ ఆర్గ్.

ర్యాంకుకి ఏం వస్తుంది: ప్రెడిక్టరా, పీడీఎఫ్ఫా?

ప్రెడిక్టర్లు సుఖంగా ఉంటాయి. ర్యాంకు కొడితే రంగురంగుల జాబితా వస్తుంది. మా అమ్మాయి కేసీఈటీ ర్యాంకు ఆరు వేల చిల్లర. ఒక సైట్ తనకి నచ్చిన కాలేజీలో కంప్యూటర్ సైన్స్‌కి "హై ఛాన్స్" అని పచ్చరంగులో చూపించింది. రెండు రోజులు ఇల్లంతా పండగ. తర్వాత కేఈఏ పీడీఎఫ్ తీసి చూస్తే అంతకు ముందు ఏడు ఆ బ్రాంచి మూడు వేల ఎనిమిది వందల దగ్గరే మూసుకుపోయింది. ఆ ప్రెడిక్టర్ ఏ రౌండు, ఏ కేటగిరీ లెక్క తీసుకుందో ఎక్కడా రాయలేదు. అదే సైట్‌లో ఫోన్ నంబరు ఇచ్చినందుకు నాలుగు నెలలపాటు రోజుకి అయిదారు ఫోన్లు, ఎక్కడెక్కడి యూనివర్సిటీల నుంచో. ఒకాయన అయితే "మేడమ్, ఈరోజే సీటు బ్లాక్ చేస్తే స్కాలర్‌షిప్" అని ఆదివారం పొద్దున్నే.

అప్పట్నుంచి ఏ సైట్ తెరిచినా నేను వేసుకునే ప్రశ్న ఒకటుంది, దీనికి డబ్బు ఎవరిస్తున్నారు? శిక్షా, కెరీర్స్360, కాలేజ్‌దునియా లాంటి పెద్ద ప్రైవేటు సైట్లు మనకి ఉచితం. ఇలాంటి వ్యాపారానికి ఆదాయం ఎక్కువగా కాలేజీల ప్రకటనల నుంచి, చేరాలనుకునే పిల్లల వివరాలు కాలేజీలకి అందించడం నుంచి వస్తుంది. అందులో తప్పేం లేదు, పేపర్లూ ప్రకటనల మీదే బతుకుతాయి. పరీక్షల తేదీలు, కోర్సులు, ఫీజులు, నాలుగు కాలేజీలు పక్కపక్కన పెట్టి చూడ్డం, వీటికి అవి నిజంగా బాగుంటాయి, సర్కారు సైట్లలో ఇది ఒక చోట దొరకదు. నేను చేసేదేమిటంటే, ఇక్కడ మొదటి చూపు, అక్కడ కనిపించిన ప్రతి అంకెనీ అసలు చోట సరిచూసుకోవడం. లాగిన్ అడిగితే వేరే ఈమెయిల్ ఒకటి పెట్టుకోండి. నంబరు ఇవ్వకుండా లోపలికి రానివ్వకపోతే వెనక్కి వచ్చెయ్యండి, పోయేదేం లేదు.

అసలు చోటు అంటే ఐఐటీ, ఎన్ఐటీ, ట్రిపుల్ ఐటీలకి వాటి సీట్లు కేటాయించే జోసా సైట్. ఓపెనింగ్, క్లోజింగ్ ర్యాంకులు అని ఒక పేజీ ఉంటుంది, ఏడాది, రౌండు, కాలేజీ, బ్రాంచి ఎంచుకుంటే పట్టిక వస్తుంది. ఎన్ఐటీ అయితే హెచ్ఎస్, ఓఎస్ అని రెండు వరసలు కనబడతాయి, హోమ్ స్టేట్, బయటి స్టేట్ అని. సూరత్కల్ చూసేటప్పుడు ఇక్కడ పీయూసీ చదివిన పిల్లలు హెచ్ఎస్ వరసే చూడాలి, చాలామంది ఓఎస్ వరస చూసి కంగారు పడతారు. ఇంకో సంగతి, ఐఐటీ వరసల్లో ఉండేది జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు, మిగతావాటికి మెయిన్ ర్యాంకు. రెండూ కలిపేసి "ఎన్ఐటీ కంటే ఐఐటీ తేలిగ్గా వచ్చేలా ఉందే" అన్న తండ్రిని నేను స్వయంగా చూశాను.

కేఈఏ ఈ పని పీడీఎఫ్‌లలో చేస్తుంది. కాలేజీకో పట్టిక, అడ్డంగా జీఎం, 2ఏజీ, 3బీజీ, ఎస్‌సీజీ లాంటి కోడ్లు, చివర ఆర్ ఉంటే గ్రామీణ కోటా, కే ఉంటే కన్నడ మీడియం. మొదటిసారి చూస్తే తల తిరుగుతుంది. ఒక గంట కూర్చుని మీకు కావాల్సిన ఇరవై కాలేజీలు, మీ కేటగిరీ కాలమ్ ఒక్కటే, గత మూడేళ్ళవి ఒక ఎక్సెల్ షీట్లో రాసుకోండి. ఒక్క ఏడాది చూస్తే మోసపోతాం, ఎందుకంటే కాలేజీలు కంప్యూటర్ సైన్స్ సీట్లు పెంచిన ఏడు కటాఫ్ కిందికి జారుతుంది, పేపరు తేలిగ్గా వచ్చిన ఏడు ఇంకోలా. మా అమ్మాయికి ఏ ప్రెడిక్టర్ కంటే ఈ షీటే పనికొచ్చింది, ఆ షీట్ తయారు చేసింది కూడా తనే, నేను కాఫీ పెట్టి ఇచ్చాను.

అంతకన్నా నమ్మకమైనది ఇంకోటుంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఆప్షన్ ఎంట్రీ, అంటే మనకి కావాల్సిన కాలేజీలు, బ్రాంచిలు వరసగా పెట్టుకోవడం అయ్యాక కేఈఏ మాక్ అలాట్‌మెంట్ ఇస్తుంది. జోసా కూడా చాయిస్ ఫిల్లింగ్ మధ్యలో అలాంటిది ఇస్తుంది. ఇది పాత ఏడాది లెక్క మీద అంచనా కాదు, ఈ ఏడాది పిల్లలు నిజంగా పెట్టుకున్న ఆప్షన్ల మీద నడిపిన రిహార్సల్. అది చూశాక ఆప్షన్లు మార్చుకునే వీలుంటుంది. క్రమం విషయంలో ఒక్కటే గుర్తుపెట్టుకోండి, వచ్చేదాన్ని పైన పెట్టకూడదు, కావాల్సిందాన్ని పైన పెట్టాలి. పై ఆప్షన్ రాకపోతేనే కింది దానికి వెళ్తుంది, పైన పెద్ద కాలేజీ పెట్టినందువల్ల కిందిది పోదు. సీటు వచ్చాక కేఈఏలో నాలుగు చాయిస్‌లు అడుగుతారు. ఒకటోది సీటు నచ్చింది, చేరిపోతాం. రెండోది ఈ సీటు ఉంచండి, పైది వస్తే ఇవ్వండి. మూడోది ఇది వద్దు, తర్వాతి రౌండులో చూద్దాం. నాలుగోది మొత్తానికే తప్పుకుంటాం. రెండుకీ మూడుకీ తేడా తెలీక మంచి సీటు వదిలేసుకున్నవాళ్ళున్నారు.

ఆ కాలేజీ నిజంగా ఎలాంటిది

ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగ్ అందరికీ తెలుసు, కేంద్ర విద్యాశాఖ 2016 నుంచి ఏటా ఇస్తోంది. అందరూ చూసేది అందులో ర్యాంకే. నేను ర్యాంకు చూడ్డం దాదాపు మానేశాను. ఇందులో పరిశోధనకి, పేరుప్రఖ్యాతులకి కూడా మార్కులుంటాయి, బీఈ చదవబోయే పిల్లకి ప్రొఫెసర్ల పేపర్ల లెక్కతో అంత పని లేదు. అసలు నిధి ఆ సైట్‌లోనే ఇంకో మూల ఉంది. ప్రతి కాలేజీ సమర్పించిన డేటా పీడీఎఫ్ పెడతారు. అందులో నాలుగేళ్ళ కోర్సులో ఎంతమంది చేరారు, వాళ్ళలో సమయానికి పాసైంది ఎంతమంది, ఉద్యోగం వచ్చింది ఎంతమందికి, పై చదువులకి వెళ్ళింది ఎంతమంది, మీడియన్ జీతం ఎంత అన్నీ ఉంటాయి. మీడియన్ అంటే అందరి జీతాలూ వరసగా పేర్చితే సరిగ్గా మధ్యలో నిలబడ్డవాడి జీతం. కాలేజీ గేటు మీద ఫ్లెక్సీలో ఉండే "హయ్యెస్ట్ ప్యాకేజ్" ఒక్క పిల్లాడిది, ఈ మధ్యవాడి జీతమే మీ పిల్లకి వచ్చే అవకాశానికి దగ్గర. ఈ అంకెలు కాలేజీలు తామే ఇచ్చుకున్నవి, అది మర్చిపోవద్దు, అన్ని కాలేజీలూ పాల్గొనవు కూడా. అయినా పాంప్లెట్ కంటే వంద రెట్లు నయం. మేం ఇలా చూసినప్పుడు పేరు బాగా వినిపించే ఒక కాలేజీలో సమయానికి పాసైనవాళ్ళ సంఖ్య చూసి ఆగిపోయాం, పేరు చెప్పను, మీరే తీసి చూడండి.

న్యాక్, ఎన్‌బీఏ రెండూ చదువు నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే సంస్థలు. న్యాక్ గ్రేడ్ మొత్తం కాలేజీకి ఇచ్చేది, ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో బ్రాంచికి విడిగా ఇచ్చేది. కాబట్టి "మాది ఎన్‌బీఏ కాలేజీ" అంటే మీ బ్రాంచికి ఉందా అని ఎన్‌బీఏ సైట్‌లో చూడాలి. ఏఐసీటీఈ అనుమతి ఉందో లేదో వాళ్ళ సైట్‌లో, యూనివర్సిటీ నకిలీదేమో యూజీసీ పెట్టే జాబితాలో. ఇవి అయిదు నిమిషాల పని.

ఉద్యోగాల మాట నిజంగా తెలియాలంటే నాకు లింక్డిన్ బాగా నచ్చింది. కాలేజీ పేజీలో ఆలమ్నై అన్నది నొక్కితే అక్కడ చదివినవాళ్ళు ఇప్పుడు ఏ కంపెనీల్లో, ఏ పనుల్లో ఉన్నారో కనబడుతుంది, ఏ ఏడాదివాళ్ళో కూడా వడకట్టొచ్చు. లింక్డిన్‌లో ఉండేది కాస్త నిలదొక్కుకున్నవాళ్ళే కాబట్టి చిత్రం కొంచెం అందంగా కనిపిస్తుంది, అది మనసులో పెట్టుకోండి. మా అమ్మాయి అలా ఇద్దరు సీనియర్లకి మెసేజ్ పెట్టింది, ఒకమ్మాయి కర్నూలు పిల్ల, అరగంట మాట్లాడింది. ల్యాబ్‌ల గురించి, అటెండెన్స్ గురించి, ఏ బస్సు ఎక్కాలన్న దాని గురించి. సిల్క్ బోర్డు దాటి రోజూ రావాలంటే ఎంతసేపు పడుతుందో ఏ ర్యాంకింగూ చెప్పదు కదా.

రెడిట్, కోరా, టెలిగ్రామ్ గ్రూపుల్లో హాస్టల్ తిండి, ర్యాగింగ్, ఫెస్టులు, ఇలాంటివి బాగా తెలుస్తాయి. ప్లేస్‌మెంట్ల గురించి, "ఈ కాలేజీ వేస్ట్" లాంటి తీర్పుల గురించి అక్కడ చదివి నిర్ణయాలు తీసుకోవద్దు. సీటు రానివాడి కోపం, వచ్చినవాడి గర్వం రెండూ ఒకే గొంతుతో మాట్లాడతాయక్కడ. టెలిగ్రామ్‌లో "లీకైన పేపరు" అమ్ముతామనేవాళ్ళు కనిపిస్తే గ్రూపులోంచి బయటికి వచ్చెయ్యండి, ఇంకేం ఆలోచించొద్దు.

చదువుకోడానికి: ఉచితమా, డబ్బు కట్టేదా

ఇక్కడ ముందు పరీక్షల తీరు తెలియాలి. కేసీఈటీలో ఒక్కో సబ్జెక్టుకి 60 ప్రశ్నలు, 80 నిమిషాలు, పేపరు మీద ఓఎంఆర్ షీటు. కామెడ్‌కేలో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, కంప్యూటర్ ముందు, అంటే నిమిషానికొకటి. ఈ రెండిటిలోనూ తప్పు రాస్తే మార్కు పోదు. జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలకి మూడు గంటలు, తప్పుకి ఒక మార్కు కోత. అంటే జేఈఈలో ప్రశ్నకి రెండు నిమిషాల పైన ఉంటుంది, ఆలోచించాలి, తెలియనిది వదిలెయ్యాలి. కామెడ్‌కేలో పరిగెత్తాలి, ఒక్కటీ వదలకూడదు. జేఈఈ మాక్ టెస్టులే ఏడాదంతా రాసిన పిల్లలు కామెడ్‌కేలో చివరి ముప్పై ప్రశ్నలు చూడకుండా బయటికి రావడం ఇందుకే. ఏ మాక్ టెస్టు కొనాలి అని అడిగే ముందు, మీ పిల్ల ఏ పరీక్ష మీద ఆశ పెట్టుకుందో చూసుకోండి. కేసీఈటీ ర్యాంకులో ఇంజనీరింగ్‌కి సగం పీయూసీ మార్కులే, ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్‌వి. బోర్డు పరీక్షని తేలిగ్గా తీసుకుని మాక్ టెస్టులకి వేలు పోస్తే లాభం ఉండదు.

ఉచితంగా దొరికేవాటిలో నా మొదటి ఓటు సాథీకి. ఐఐటీ కాన్పూర్, కేంద్ర విద్యాశాఖ కలిసి నడుపుతున్నాయి, జేఈఈ, నీట్, సీయూఈటీ లాంటివాటికి వీడియోలు, ప్రశ్నలు, మాక్ టెస్టులు. జేఈఈ మెయిన్ నడిపే ఎన్‌టీఏ పెట్టే ప్రాక్టీసు టెస్టుల్లో స్క్రీను నిజం పరీక్షలోలాగే ఉంటుంది, అది అలవాటు కావడానికి బాగా పనికొస్తుంది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలన్నీ వాళ్ళ సైట్‌లో ఉచితంగా పీడీఎఫ్‌లుగా ఉంటాయి. ఖాన్ అకాడమీ వేరే రకం. ర్యాంకు కోసం కాదు, మ్యాథ్స్‌లో ఎక్కడో ఎనిమిదో తరగతిలోనే పునాది జారిపోయిన పిల్లలకి వెనక్కి వెళ్ళి సరిచేసుకోడానికి దానికి మించింది నేను చూడలేదు. మావాడు భిన్నాల దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు, సిగ్గుపడుతూనే.

మరి డబ్బు కట్టే ఆన్‌లైన్ కోర్సులు? వాటిలో మనం నిజంగా కొనేది పాఠాలు కాదు, టైంటేబుల్. పాఠాలు యూట్యూబ్‌లో ఎలాగూ ఉన్నాయి. రోజూ ఆరింటికి క్లాసు, ఆదివారం టెస్టు, తప్పితే ఎవరో అడుగుతారు, ఈ కట్టడి లేకపోతే కదలని పిల్లలకి అది విలువైనదే. తనంతట తాను కూర్చునే పిల్లకి దండగ. కొనేముందు రెండు వారాలు ఉచిత పాఠాలతో నడిపి చూడండి, పిల్ల ఏ రకమో తెలిసిపోతుంది. మొదటి రోజే రెండేళ్ళ ఫీజు, అందులోనూ ఈఎంఐ మీద, కట్టొద్దు.

ఇంజనీరింగ్ తప్ప లోకం లేదనుకునేవాళ్ళకి ఒక్క మాట. ఇక్కడే యశ్వంత్‌పూర్ దగ్గర ఐఐఎస్సీలో నాలుగేళ్ళ బీఎస్ రీసెర్చ్ కోర్సు 2011 నుంచి ఉంది. మైసూరు రోడ్డులో ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్)లో బీమ్యాథ్, లా అయితే క్లాట్ ద్వారా నాగరభావిలోని నేషనల్ లా స్కూల్. ఇవి పెద్ద పోర్టళ్ళలో వెనక పేజీల్లో ఉంటాయి, వాటి వాటి సొంత సైట్లలోనే చూడాలి, దరఖాస్తు తేదీలు కూడా వేర్వేరుగా, కొన్ని చాలా ముందుగా వచ్చేస్తాయి.

విదేశం వెళ్ళాలనుకుంటే

మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల కన్సల్టెన్సీ బోర్డులు చూస్తూనే ఉంటారు. "మేం ఫీజు తీసుకోం" అంటారు, యూనివర్సిటీల నుంచి కమీషన్ తీసుకుంటారు, కాబట్టి కమీషన్ ఇచ్చే యూనివర్సిటీలే గొప్పవిగా కనబడతాయి. అమెరికాకైతే ముందు ఎడ్యుకేషన్‌యూఎస్ఏ చూడండి, అది అమెరికా విదేశాంగశాఖది, ఎవరి తరఫునా అమ్మదు. కాలేజ్ స్కోర్‌కార్డ్ అక్కడి విద్యాశాఖది, ఎంతమంది పట్టా తీసుకుంటున్నారు, తర్వాత ఎంత సంపాదిస్తున్నారు అన్నది అందులో ఉంటుంది. కాలేజ్ బోర్డ్ వాళ్ళ బిగ్‌ఫ్యూచర్ వెతుక్కోడానికి సుఖం, కానీ అందులోని స్కాలర్‌షిప్పులు ఎక్కువగా అక్కడి పిల్లలకే. అక్కడి కాలేజీలకి రాసే ఎస్ఏటీ పరీక్షకి బ్లూబుక్ యాప్‌లో పూర్తి ప్రాక్టీసు టెస్టులు, ఖాన్ అకాడమీలో పాఠాలు, రెండూ ఉచితం, కోచింగ్‌కి వెళ్ళే ముందు ఇవి పూర్తి చెయ్యండి.

డబ్బు సాయం విషయంలో ఎవరూ చెప్పని కిటుకు ఒకటి. చాలా అమెరికా కాలేజీలు కామన్ డేటా సెట్ అని ఒక పత్రం పెడతాయి. కాలేజీ పేరు, ఆ మాట కలిపి వెతికితే వస్తుంది. అందులో హెచ్6 అన్న భాగంలో విదేశీ విద్యార్థులు ఎంతమందికి కాలేజీ సొంత డబ్బు ఇచ్చింది, సగటున ఎంత ఇచ్చింది అని ఉంటుంది. అక్కడ సున్నా ఉంటే ఆ కాలేజీ సాయం చేస్తుందని ఏ కన్సల్టెంట్ చెప్పినా నమ్మక్కర్లేదు. బ్రిటన్‌లో డిగ్రీకి దరఖాస్తులు చాలావరకు యూకాస్ సైట్ ద్వారానే, అయిదు ఆప్షన్లు.

డబ్బు

స్కాలర్‌షిప్పులకి కేంద్రానివి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో, కర్ణాటకవి ఎస్ఎస్‌పీ, అంటే స్టేట్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో. రెండూ ఉచితం, దరఖాస్తుకి డబ్బు అడిగితే అది ఈ పోర్టల్ కాదు. లోనుకి బ్యాంకు గడప తొక్కేముందు పీఎం విద్యాలక్ష్మి చూడండి. 2024 నవంబరులో కేంద్ర కేబినెట్ ఒప్పుకున్న పథకం, జాబితాలో ఉన్న కాలేజీల్లో సీటు వస్తే పూచీకత్తు లేకుండా లోను, ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయం ఉన్న ఇళ్ళకి 10 లక్షల దాకా లోను మీద 3 శాతం వడ్డీ రాయితీ. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందా అన్నది ఆప్షన్ ఎంట్రీకి ముందే చూసుకుంటే మంచిది, సీటు వచ్చాక చూసి ఉపయోగం తక్కువ. మేం అలా చూడలేదు, మామూలు లోను తీసుకున్నాం.

ఇక పదకొండో తరగతిలో ఉన్నవాళ్ళు ఇప్పుడు చెయ్యాల్సింది అర్హత లెక్క, సర్టిఫికెట్లు, చదువుకునే సైట్ ఒక్కటి ఎంచుకోవడం, అంతే. కటాఫ్‌ల జోలికి ఇప్పుడే పోతే ఉత్త టెన్షన్. పన్నెండులో ఉన్నవాళ్ళు సంక్రాంతి సెలవుల్లో ఆ ఎక్సెల్ షీట్ చేసి పెట్టుకోండి, పరీక్షలయ్యాక ఎవరికీ ఓపిక ఉండదు. మావాడి సంగతంటారా, సూరత్కల్ లెక్క చూశాక మా ఆయనా నేనూ ఒక మాట మీదికి వచ్చాం, పీయూసీ ఇక్కడే. బావగారికి మాత్రం ఇంకా చెప్పలేదు.